సిగ్నల్ వచ్చేదాకా

విజిల్ పిన్ని పేరు మీద ఎర్రసిరాతో అడ్డగీత పడింది.

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కార్డులో 'కాన్పు గదిలో తోడుండేవారు' అన్న గడి ఒకటుంది. లోపలికి ఒక్కరినే రానిస్తారు. ఆ ఒక్కరూ గర్భిణుల వ్యాయామ తరగతికి ఆరు వారాలు వచ్చి, ఫిజియోథెరపిస్టు చేత సంతకం పెట్టించుకోవాలి. పిన్ని తరగతికి రావడం అదే మొదలు. వచ్చిన పది నిమిషాలకే ఆ గీత పడింది.

కారణం ముందురోజు సాయంత్రం జరిగింది.

పిన్ని వెయిట్‌లిఫ్టింగ్ కోచ్. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే రేకుల షెడ్డు, మెడలో అదే విజిల్. అక్క పోయాక ఆవిడ కూతుర్ని ఏడేళ్ల పిల్లగా తెచ్చుకుని పెంచింది. షెడ్డులో ఆ పిల్లని అందరూ పిడుగు అనేవారు. పన్నెండో ఏట బార్ పట్టిన పిడుగు, పాతికేళ్లు వచ్చేసరికి తన ఒంటి బరువుకు ఒకటిన్నర రెట్లు తలపైకి ఎత్తేది. తర్వాత భుజం మొరాయించింది. పోటీలు మానేసి పార్శిళ్ల గోదాములో సూపర్‌వైజరుగా చేరింది. సిటీ బస్సు డ్రైవర్ని పెళ్లి చేసుకుంది. ఇప్పుడు ఏడో నెల.

మొదటి నెల నుంచీ ఆమె వ్యాయామం బాధ్యత పిన్ని తన నెత్తిన వేసుకుంది. గోడకు ఒక చార్టు అంటించింది. డాక్టరు చెప్పిన కాన్పు తేదీ చుట్టూ సున్నా చుట్టి 'పోటీ' అని రాసింది. ముందురోజు సాయంత్రం పిడుగుని బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి తేలికపాటి బార్ ఇచ్చి, అలవాటుగా అరిచింది: "ఊపిరి బిగించు."

పిడుగు బిగించింది. మూడోసారి బార్ ఎత్తబోతుండగా కళ్లు బైర్లు కమ్మాయి. పిన్ని బార్ లాక్కుని, ఆమెను ఎడమవైపు తిప్పి, నీళ్లు తాగించి, ఉన్నపళాన ఆసుపత్రికి తీసుకెళ్లింది. అన్నీ చూసి తల్లీబిడ్డా బాగానే ఉన్నారని డాక్టరు చెప్పేదాకా పిన్ని కుర్చీలో కూర్చోలేదు.

ఈ పని ఎవరు చెప్పి చేయించారని మర్నాడు తరగతిలో ఫిజియో అడిగింది. నా అంతట నేనే చేశానని పిడుగు అబద్ధం ఆడబోయింది. పిన్ని ఆమె భుజం పట్టి వెనక్కి లాగి, నేనే చేయించాను అని చెప్పింది.

ఫిజియోకి ముప్పై ఏళ్లుంటాయేమో. గొంతు పెంచలేదు. ఈ నెలల్లో వెల్లకిలా పడుకుంటే గర్భం బరువు వెనకనున్న పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుందనీ, అందుకే తల తిరిగిందనీ వివరించింది. బరువు ఎత్తుతూ ఊపిరి బిగబడితే ఆ ఒత్తిడంతా కిందికి దిగుతుందంది. తర్వాత ఓ ప్లాస్టిక్ కుర్చీ చూపించి పిడుగుని ఎత్తమంది. పిన్నిని ఆమె వెనక నిలబడి ఎప్పుడూ అనే మాట మెల్లగా అనమంది.

పిన్ని ఆ మాట గుసగుసగానే అంది. పిడుగు మెడనరాలు పొంగాయి. బుగ్గలు ఉబ్బాయి. రెండు కిలోలు లేని కుర్చీకి వంద కిలోల ముఖం పెట్టింది.

"చూశారా కోచ్‌గారూ? మీ మాట వింటున్నది తను కాదు, తన ఒళ్లు," అంది ఫిజియో. "మీరు వద్దని కాదు. లోపలికి మీ గొంతు వద్దు."

అని గీత గీసింది.

బస్సు డ్రైవరు అల్లుడికి ఈ కబురు పిడుగులాగే తగిలింది. చూపుడువేలికి సూది గుచ్చితేనే కళ్లు తేలేసే మనిషి. బస్సులో నలభై మందిని క్షేమంగా దించగలను కానీ ఆ ఒక్కరి విషయంలో నన్ను నమ్ముకోవద్దని పెళ్లాంతో ముందే చెప్పేశాడు. పిన్ని లేకపోతే తను లోపలికి వెళ్లేదే లేదని పిడుగు తేల్చేసింది. వెళ్లకపోతే వరండాలో కంటావా అని పిన్ని కసిరింది. కసిరిందే గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. పిల్ల మొదటి బార్ ఎత్తినప్పుడు తను పక్కన ఉంది. ఆఖరి బార్ దించినప్పుడూ ఉంది. ఇప్పుడు గోడ అవతల నిలబడాలా?

మర్నాడు పొద్దున్నే ఫిజియో గది ముందు నిలబడింది.

"ఆరు వారాల్లో గొంతు మార్చుకుంటే కొత్త కార్డు ఇస్తావా అమ్మాయ్?"

"మార్చుకుంటే ఇస్తాను," అంది ఫిజియో. "కానీ పక్కన కూర్చుని చూస్తానంటే కుదరదు. వాళ్లు ఏం చేస్తే మీరూ అదే చెయ్యాలి."

అలా ఎనిమిది మంది గర్భిణుల మధ్య తొమ్మిదో చాప పడింది.

మొదటి పాఠం నడక. హాలు చుట్టూ నడవాలి, నడుస్తూ మాట్లాడాలి. మాట తెగకుండా వస్తే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో ఆయాసం అడ్డొస్తే తగ్గించాలి. తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నట్టున్నా అక్కడికక్కడే ఆపి చెప్పాలి. ఇది విని పిన్ని నోరు తెరిచింది. ఆవిడ షెడ్డులో కసరత్తు చేస్తూ మాట్లాడినవాళ్లకు మరో పదిసార్లు శిక్ష.

ఏం మాట్లాడాలో తెలియక తనకు తెలిసిన ఒకే ఒక్క కథ చెప్పింది. మూడేళ్ల కిందటి పోటీ. పిడుగు ఆఖరి పోటీ కూడా అదే. బార్ తలపైకి వెళ్లింది, మోచేతులు నిలిచాయి, కాళ్లు నిటారయ్యాయి. ఇక రిఫరీ 'దించు' అని సిగ్నల్ ఇచ్చేదాకా కదలకుండా నిలబడాలి. పిడుగు నిలబడలేదు. ఒక్క క్షణం ముందు బార్ వదిలేసింది. ముగ్గురు రిఫరీలు, మూడు లైట్లు. తెల్లవైతే గెలుపు. మూడూ ఎర్రవే వెలిగాయి. పతకం పోయింది.

ఎత్తింది కదా, దించినందుకే పోయిందా అని పక్కనున్నావిడ నమ్మలేక అడిగింది.

"ఎత్తడం ఎవరైనా నేర్చుకుంటారమ్మా," అంది పిన్ని. "ఎత్తాక ఆగడమే మా పిల్లకి రాలేదు."

నాలుగడుగులు ముందు నడుస్తున్న పిడుగు వెనక్కి తిరగలేదు. మూడేళ్లలో ఆ సంగతి వాళ్లిద్దరి మధ్యా పైకి రావడం అదే మొదటిసారి.

తర్వాత కుర్చీ పట్టుకుని గుంజిళ్లు. దిగేటప్పుడు ఊపిరి తీసుకోవాలి, లేచేటప్పుడు వదలాలి. పిన్ని దిగింది. లేచేటప్పుడు బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. మళ్లీ చేసింది. మళ్లీ ఉబ్బాయి. తరగతి మొత్తం పగలబడి నవ్వింది.

"పిన్నిగారూ, మీకు ఎన్నో నెల?" అని ఒకావిడ అడిగింది.

"నెల కాదు, యాభై ఏడో ఏడు," అంది పిన్ని, ఊపిరి ఇంకా లోపలే పెట్టుకుని.

మోకాళ్ల మీదా అరచేతుల మీదా వంగి వీపును పైకి గుండ్రంగా తిప్పడం, పెద్ద బంతి మీద కూర్చుని నడుముతో సున్నాలు చుట్టడం, ఎడమవైపు ఒత్తిగిలి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం, ఇవన్నీ పిన్నికి రెండు వారాల్లో పట్టుబడ్డాయి. కటి కండరాలను లోపలికి బిగించడంలో తరగతికే మొదటి మార్కు. ఆ తర్వాత వాటిని పూర్తిగా వదలమంటేనే ఆవిడ ఒళ్లు మాట వినేది కాదు. బిడ్డకు దారి ఇచ్చేది ఆ వదలడమే అని ఫిజియో పదేపదే చెప్పేది. ఇంకో మాట కూడా చెప్పేది. ఇవన్నీ చేస్తే కాన్పు మనం రాసిపెట్టినట్టు జరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ఆపరేషన్ అవసరమైతే అది ఓటమి కాదు.

మధ్యాహ్నాలు షెడ్డు ఖాళీగా ఉంటుంది. పిన్ని తలుపు దగ్గరకు వేసి సాధన మొదలుపెట్టింది. బార్ జారకుండా లిఫ్టర్లు అరచేతికి రాసుకునే సుద్దపొడి తీసి, చిటికెడు అరచేతిలో పోసుకుని ఊదేది. పొడి కదలాలి, ఎగిరిపోకూడదు. మొదటి వారం మొత్తం పొడి ముఖానికే కొట్టుకుంది. రెండో వారం చీరకు. విజిల్ మోత తగ్గిందని, మేడమ్‌కి ఒంట్లో బాగాలేదేమోనని షెడ్డులో పిల్లలు ఇంటికి ఫోన్ చేశారు. అయిదో వారానికి పొడి అరచేతిలోనే ఉండి అలలా చెదిరింది.

ఆ పూట పిడుగుని కూర్చోబెట్టి, తన అరచేతిలో పొడి పోసి ఆమె నోటి ముందు పెట్టింది. పిడుగు ఒక్క ఊదుతో మొత్తం ఎగరగొట్టింది. నీదంతా తొందరే అని పిన్ని చెయ్యి దులుపుకుని మళ్లీ పోసింది. పదకొండోసారికి పొడి నిలిచింది.

ఆరో వారం పరీక్ష. పిన్ని మెడలో విజిల్ తీసి తన సంచిలో వేసి జిప్పు లాగింది. పిడుగు కుర్చీ పట్టుకుని గుంజీకి దిగింది. పాత మాట పిన్ని నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు కదిలాయి. ఆగింది.

"వదులు," అంది. "మెల్లగా వదులుతూ లే."

పిడుగు ఊపిరి వదులుతూ లేచింది. ఫిజియో కొత్త కార్డు తీసి సంతకం పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్లలో పిన్ని షెడ్డుకి చాలా పతకాలు వచ్చాయి. అవన్నీ గోడకు వేలాడుతున్నాయి. ఈ కార్డుని మాత్రం ఆవిడ గోడకు పెట్టలేదు, జాకెట్లో దాచుకుంది.

చార్టులో సున్నా చుట్టిన తేదీ వచ్చింది, వెళ్లింది. పోటీకి ఇంత ఆలస్యంగా వచ్చేవాళ్లని తను ఎన్నడూ చూడలేదని పిన్ని విసుక్కుంది. ఎనిమిదో రోజు పొద్దున తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు కారు మాట్లాడి తనే నడిపాడు. అలవాటు కొద్దీ ప్రతి బస్‌స్టాపు దగ్గరా వేగం తగ్గించాడు. నాలుగో స్టాపు దగ్గర పిన్ని, ఇక్కడ ఎవరూ ఎక్కరు బాబూ పోనీ, అని చెప్పాల్సివచ్చింది.

కాన్పు గదిలో పెద్ద నర్సు కార్డు చూసి పిన్నిని లోపలికి రానిచ్చింది. పిడుగు గోడకు ఆనుకుని నిలబడింది. బంతి మీద ఊగింది. మోకాళ్ల మీద వంగింది. నొప్పి వచ్చినప్పుడల్లా పిన్ని ఆమె నడుం రాస్తూ ఊపిరి వదిలించింది. నొప్పి పోయినప్పుడు నీళ్లు తాగించింది. పెద్ద నర్సు అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వింటూ తల ఊపింది. సాయంత్రం నాలుగున్నరకు, ఇక ముక్కాలనిపించినప్పుడు ముక్కమంది.

పిడుగు ఎడమవైపు ఒత్తిగిలి, పై కాలు పిన్ని భుజానికి ఆనించి ముక్కింది. అరగంటలో బిడ్డ తల కనిపించింది.

అప్పుడు పెద్ద నర్సు స్వరం మారింది.

"ఆపమ్మా. ఇక ముక్కకు. తల మెల్లగా జారాలి."

పిడుగు ఆపలేదు. నర్సు మళ్లీ చెప్పింది. తొందరపడితే లోతుగా చినుగుతుందని మూడోసారి గట్టిగా చెప్పింది. పిడుగు చెవికి ఎక్కలేదు. పళ్లు కరుచుకుపోయాయి, ఊపిరి బిగుసుకుపోయింది, మెడనరాలు పొంగాయి. పిన్ని ఆ ముఖాన్ని గుర్తుపట్టింది. మూడేళ్ల కిందట బార్ వదిలే ముందు చూసిన ముఖం. అయిపోతే చాలు అనే ముఖం.

ఈ ఒంటికి తెలిసిన మాట ఒకటుంది. అది ఇప్పుడు అంటే కొంప మునుగుతుంది. మరి ఇంకేది వింటుంది?

పిన్ని వంగింది. ఖాళీ అరచెయ్యి తెరిచి పిడుగు నోటి ముందు పెట్టింది. అరవలేదు.

"పిడుగూ. సిగ్నల్ ఇంకా రాలేదు."

పిడుగు కళ్లు తెరిచింది. ఆ కళ్లు అరచేతిని చూశాయి. దవడ వదులైంది. చిన్న ఊపిరి ఒకటి వచ్చి అరచేతికి తగిలింది. పొడి ఉండి ఉంటే కదిలేది, ఎగిరేది కాదు.

"రాలేదు," అంది పిన్ని. ఇంకో ఊపిరి. "ఇంకా రాలేదు." ఇంకోటి. పిడుగు కాలు ఆవిడ భుజం మీద వణుకుతోంది. వంద కిలోలు తలమీద పెట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఆ కాలు అలా వణకలేదు. అయినా నిలిచింది. పిన్ని చూపు నర్సు చేతుల మీదే ఉంది. అక్కడి నుంచి పిలుపు వచ్చేదాకా తనకూ కదిలే హక్కు లేదు.

పెద్ద నర్సు తల ఎత్తకుండానే, ఇక రానిమ్మంది.

"వచ్చింది," అంది పిన్ని. "వదులు."

బిడ్డ జారి నర్సు చేతుల్లోకి వచ్చింది. ఆడపిల్ల. రెండు క్షణాలు ఆలోచించుకుని గది దద్దరిల్లేలా ఏడ్చింది. వరండాలో ఆ ఏడుపు విన్న అల్లుడు నేలమీద కూలబడ్డాడని తర్వాత తెలిసింది. అతను చూసింది గోడనే, రక్తాన్ని కాదు.

బిడ్డని తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి నర్సు అన్నీ పరిశీలించింది. చిన్న గీరుడు తప్ప ఏమీ లేదని, కుట్లు అక్కర్లేదని చెప్పింది. చెబుతూ పిన్ని వైపు ఓసారి చూసి, మీరు ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగింది. పిన్ని తలుపు వైపు చూపించింది. సాయంత్రం తరగతి ముగించుకుని అప్పుడే వచ్చిన ఫిజియో అక్కడ నిలబడి ఉంది.

పిడుగు జుట్టంతా చెమటకు నుదుటికి అతుక్కుపోయింది. బిడ్డ వీపు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకునే అడిగింది:

"పిన్నీ... లైట్లు?"

పిన్ని గదంతా కలయజూసింది. పెద్ద నర్సు. బిడ్డకి గుడ్డ పట్టుకున్న చిన్న నర్సు. తలుపు దగ్గర ఫిజియో. ముగ్గురూ పిడుగునే చూస్తున్నారు.

"మూడూ తెల్లవే," అంది. "ఎవరూ వంక పెట్టలేదు."