మట్టిలో కలిసే షీటు

చూడి గేదె పొట్ట కోయాలంటే పశువుల డాక్టర్నైన నాకే చేతులాడవు. అయినా తప్పలేదు. వారంగా నెమరు లేదు, మేత లేదు, కడుపు డప్పులా బిగిసింది. ప్లాస్టిక్ మింగిందని నా అనుమానం. దాచేపల్లి పక్క ఊళ్లో ఒంటరి మనిషి శాంతమ్మకు ఉన్నది ఆ ఒక్క గేదే. అది ఈనితే పాలమ్ముకుని బతుకుదామని ఆమె ఆశ.

కబురు తెలిసి తహసీన్ హైదరాబాద్ నుంచి పరుగెత్తుకొచ్చింది. నరసరావుపేట మెకానిక్ కూతురు, పాలిమర్ల సైంటిస్టు. మిరప తోటలో పరిచే ప్లాస్టిక్ షీటు పంటయ్యాక మట్టిలో కలిసిపోయేలా చెయ్యాలని వయసంతా ల్యాబులోనే గడిపింది. పెళ్లి మాటెత్తితే కసురుకునేదట. చివరికి లేతాకుపచ్చ షీటొకటి తయారుచేసి, నిరుడు శాంతమ్మ చేలో పరిపించింది.

"కిరాణా కవర్లే అయ్యుంటాయి కదా డాక్టర్ గారూ?" అంది తహసీన్.

"కోస్తే తెలుస్తుంది. ముందు పక్కకి జరగండి!" అని కసిరాను.

పొట్ట కోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగితే, తాడులా మెలిపడిన ముద్ద వచ్చింది. బకెట్లో కడిగాను. లేతాకుపచ్చ. ఆ రంగు షీటు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వాడలేదు. చేలో మేస్తూ మింగిందన్నమాట. తహసీన్ ఆ ముద్దని రెండు చేతులా అందుకుంది.

నాకు శాంతమ్మ మీద ఒళ్లు మండింది. "ఊరంతా షీటు ఏరి పారేస్తే నువ్వెందుకు ఏరలేదమ్మా?"

"ఏరొద్దంది సారూ ఈ అమ్మాయి. మట్టిలో కలిసిపోద్ది, దున్నెయ్ పెద్దమ్మా అంది. చానా చదువుకున్న పిల్ల, అబద్ధమెందుకు చెప్పిద్దిలే అనుకున్నా."

"ల్యాబులో కలిసింది పెద్దమ్మా." తహసీన్ ముద్ద మీంచి చూపు తిప్పలేదు. "అక్కడ తడి, వేడి మేమే పెట్టాం. ఇక్కడ పంటయ్యాక చుక్క వాన పడలేదు."

హవ్వ! పల్నాడులో వాన పడదని పల్నాడులో పుట్టిన మనిషికి ఒకరు చెప్పాలా? నాలుగు తిట్టబోయి, ఆమె మొహం చూసి గేదెకి కుట్లు వేయడంలో పడ్డాను. జాలేసింది.

సాయంత్రానికి గేదె పోయింది, కడుపులో దూడతో సహా. ఆ చేలోనే గొయ్యి తీయించాం. పలుగు దిగిన చోటల్లా మట్టితో పాటు లేతాకుపచ్చ పేలికలు పైకొచ్చాయి. తహసీన్ నేలమీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుతోంది. ఎవరూ ఏరమనలేదు.

శాంతమ్మ గేదె మీద ఉప్పు చల్లి, చేతులు దులుపుకుని ఆమె వైపు తిరిగింది.

"ఇదన్నా మట్టిలో కలిసిద్దా అమ్మాయ్?"

ఎత్తిపొడుపు కాదది. ఆమె నిజంగానే అడిగింది.