మెడ వరకే

తాడితోటలో బట్టల దుకాణాల వరస దాటాక ఒక మేడ ఉంది. కింద టైలర్లు కుడుతుంటారు. పైన శివరామకృష్ణ గారి ఫోటోల గది. ఆయన చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. గదిలో ఒక గోడకి పైనుంచి వేలాడదీసిన కాగితం నేల మీదకి కూడా పరిచి ఉంటుంది. దాని ముందు రెండు లైట్లు, ఒక టేబుల్ ఫ్యాను. ఫ్యాను మనుషులకి కాదు, కొంగు ఎగరడానికి.

చీర కట్టి మోడల్‌ని నిలబెట్టే పని సూర్యకళది. అంతకుముందు పెళ్లికూతుళ్లని తయారుచేసేది. ఏ చీరకి ఎలా నిలబడాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో, అంచు ఎంత కనపడాలో ఆవిడ చెబితే ఏసుపాదం ఫోటో తీస్తాడు.

మోడల్ పావని కడియం నర్సరీల్లో పనిచేసే ఇంటి పిల్ల. డిగ్రీ అయింది. పనిలో చేరిన రోజే ఒక షరతు పెట్టింది.

"అక్కా, ముఖం మాత్రం వద్దు. మా నాన్న ఒప్పుకోడు. మెడ వరకే."

సూర్యకళ సరేనంది. ఇక్కడికి వచ్చే పిల్లలందరూ అదే అడుగుతారు. అందుకని ఆ షాపు ఫోటోలన్నీ గడ్డం కిందే ఆగిపోతాయి.

"చూపు కొంగు మీద," అంటుంది సూర్యకళ.

"ముఖమే రాదు కదక్కా. ఎటు చూస్తే ఏంటి?"

"చూపు ఎటుంటే మెడ అటు తిరుగుతుంది. మెడ ఎటుంటే భుజం అటు. కొంగు చూడు."

"చూడమ్మా చూడు," అనేవాడు ఏసుపాదం కెమెరా వెనక నుంచి. "జీతం మెడ దాకే ఇస్తారు, పని మాత్రం నిలువెత్తూ చేయిస్తారు."

వేసవి పెళ్లిళ్లకి పట్టుచీరలు పెట్టినప్పుడు గొడవ మొదలైంది. ద్రాక్షారామం నుంచి ఒకావిడ షాపు ఫోనుకి వాయిస్ మెసేజ్ పంపింది. "ఏవండీ, నిశ్చితార్థానికి చీర చూద్దామని మా అత్తగారి చేతికి ఫోను ఇచ్చానండి. తల లేని మనిషిని చూపిస్తావేంటే అని ఫోను మంచం మీద పడేశారండి. శుభమా అని చీర కొనుక్కుంటూ మొండేన్ని చూడమంటారా?"

అలాంటివే ఇంకొన్ని వచ్చాయి. శివరామకృష్ణ గారు పైకి వచ్చి, కంప్యూటర్ దగ్గర కూర్చునే గణేష్‌బాబుతో అన్నారు. "ఇప్పుడు కంప్యూటరే ముఖాలు తయారుచేస్తోందంట కదా. పెట్టెయ్."

గణేష్‌బాబు ఆ పనిలోకి సంక్రాంతి వెళ్లాక వచ్చాడు. అంతకుముందు ముమ్మిడివరంలో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేసేవాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. కంప్యూటర్ చేసిన ముఖాలు కొన్ని పెట్టాడు. "బొంబాయి పిల్లల్లా ఉన్నారు, మనవాళ్లని పెట్టండి" అని కొన్నవాళ్లు రాశారు. వారం తిరిగేసరికి వేరే ముఖాలు తెచ్చాడు.

వాటిలో ఒక ముఖం ముందు సూర్యకళ ఆగింది. పసుపు పట్టుచీర, ఎర్ర అంచు. ఒళ్లు పావనిది. పైన ఎవరో అమ్మాయి నవ్వుతోంది. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేని గీత ఉంది.

"ఎవరీ అమ్మాయి?"

"ఎవరూ కాదు మేడం. సిస్టంలో వచ్చింది."

"మెడ కొంగు వైపు ఉంది. చూపు ఎదురుగా ఉంది. ఎవరినో చూసి నవ్వుతున్నట్టుంది."

"సరిచేయమంటారా?"

కంప్యూటర్ మచ్చలు కూడా పెడుతుందా అని సూర్యకళకి అనిపించింది. కింద నుంచి పిలుపు వచ్చింది. "ఉంచెయ్, బానే ఉంది," అని వెళ్లిపోయింది.

ఆ చీర బాగా అమ్ముడుపోయింది. శ్రావణమాసం ముందర మళ్లీ తెప్పించారు. వెనకవైపు ఎలా ఉంటుందో చూపించమని కొందరు అడిగారు. దానికోసం శ్రావణం మొదలైన వారంలో ఒక పొద్దున్న పావని మళ్లీ అదే చీర కట్టుకుంది. వీపు కెమెరా వైపు పెట్టి నిలబడింది. కెమెరా వెనకే గుమ్మం.

"జడ ముందుకి వేసుకో. మెడ ఎడమకి. అలాగే ఉండు," అంటోంది సూర్యకళ.

"దుర్గా," అని గుమ్మంలోంచి వినపడింది.

ఒకావిడ లోపలికి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. చేతిలో గుడ్డసంచి. ఎవరినీ చూడలేదు. నేరుగా లైట్ల మధ్యకి నడిచింది.

"అమ్మా, కాగితం తొక్కకండి," అన్నాడు ఏసుపాదం.

ఆవిడ పావని భుజం పట్టుకుని ఇటు తిప్పింది. జాకెట్టు బిగువు కోసం ముందువైపు పెట్టిన క్లిప్పులు ఊడి కింద పడ్డాయి. ఆవిడ పావని ముఖంలోకి చూసింది. చెయ్యి తీసేసింది. చీర అంచు చూసింది. మళ్లీ ముఖం చూసింది.

"ఈ చీర కట్టుకున్న పిల్లేది?"

"నేనేనండి," అంది పావని.

"నువ్వు కాదు."

సంచిలోంచి ఫోను తీసింది. దాన్ని సూర్యకళకి చూపించింది. పసుపు చీర, ఎర్ర అంచు, పైన నవ్వుతున్న ముఖం.

"ఈ పిల్లని పిలవండమ్మా. మా అమ్మాయి, సాయిదుర్గ. నేను రత్తమ్మని, వాళ్లమ్మని. నేను వచ్చానని చెప్పండి. తిట్టనని చెప్పండి."

సూర్యకళ కుర్చీ లాగి వేసింది. రత్తమ్మ కూర్చోలేదు.

"అమ్మా, ఆ ఫోటోలో ఉన్నది ఈ అమ్మాయేనండి. ముఖం ఒక్కటే కంప్యూటర్ చేసి పెట్టింది. నిజంగా అలాంటి మనిషి లేదు."

"లేకపోవడం ఏంటమ్మా? నా కడుపున పుట్టింది." రత్తమ్మ ఫోటో మీద వేలు పెట్టింది. "ఈ గీత చూడు. ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న గేలం విసురుతుంటే వెనకాల నిలబడి తగిలించుకుంది. కంటికి తగల్లేదని గంగమ్మకి కోడిని కోశాం. కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు ఈ సంగతి?"

 ఆ గీత సూర్యకళ కూడా చూసింది.

రత్తమ్మ అప్పుడు చెప్పింది. వాళ్లది సముద్రం దగ్గరి రేవు ఊరు. కిందటి శ్రావణంలో వరద వచ్చినప్పుడు దుర్గ, పాపాయి, మరిడమ్మ డ్వాక్రా మీటింగుకి వెళ్లి పడవలో తిరిగొస్తున్నారు. ఏటి నడిమధ్యన పడవ తిరగబడింది. పడవలో ఉన్న మగవాళ్లు ఈదుకుని ఒడ్డున పడ్డారు. ముగ్గురు ఆడవాళ్లూ దొరకలేదు. గ్రూపు ఆడవాళ్లందరూ మీటింగుకని ఒకే రకం చీరలు కొనుక్కున్నారు. ముగ్గురి ఒంటి మీదా అదే చీర.

"నాలుగో రోజు రెండు శవాలు తేలాయమ్మా. మూడోది సముద్రానికి పోయిందన్నారు. తేలినవాటికి ముఖాలు లేవు. చేపలు..." రత్తమ్మ సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఎత్తూ లావూ చూసి, ఇది మీ దుర్గేనా అన్నారు. చీర అదే. అవునన్నాను. నేనే అన్నాను. మా అల్లుడు నిప్పు పెట్టాడు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఏసుపాదం వెళ్లి దాన్ని ఆపేశాడు.

"ఎల్లుండి సంవత్సరీకం. మా అల్లుడు వీరబాబు అన్నీ తెచ్చి పెట్టుకున్నాడు. నిన్న పక్కింటి పిల్ల చీరలు చూస్తూ చూస్తూ కేకేసింది. చూస్తే మా దుర్గ. పెళ్లి చీర కట్టుకుని నవ్వుతా ఉంది. ఎవరైనా ఒడ్డున వేసి ఉంటారు, మతి తప్పి ఉంటుంది, ఇక్కడ పని చేసుకుంటోంది అనుకున్నాను. బతికున్న పిల్లకి పిండం పెట్టొద్దని అల్లుడితో గట్టిగా చెప్పి, ఫోటో కింద రాసిన అడ్రసు పట్టుకుని బస్సెక్కాను." సంచి పైకెత్తి చూపించింది. "దానికి ఇష్టమని నెత్తళ్ల చేపల వేపుడు తెచ్చాను. ఎక్కడుందో చెప్పండి."

గణేష్‌బాబు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. సూర్యకళ అతని వైపు తిరిగింది.

"ఆ ముఖం ఎక్కడిది?"

"సిస్టంలో..."

"ఏ సిస్టంలో?"

గణేష్‌బాబు కూర్చున్నాడు. మౌసు పట్టుకున్నాడు. ఒక ఫోల్డర్ తెరిచాడు. తెర నిండా ముఖాలు వచ్చాయి. అన్నీ మెడ దగ్గర కత్తిరించి ఉన్నాయి. వెనక ఏమీ లేదు. ఆడవాళ్లు, మగవాళ్లు, ఒకరిద్దరు పిల్లలు కూడా ఉన్నారు.

"ఫ్లెక్సీ షాపులో చేసినవి మేడం. పాత ఫోటో ఇస్తారు కదండి, ఎవరైనా పోతే. ముఖం కత్తిరించి, శుభ్రం చేసి, దండ వేసి పెద్దకర్మకి ఫ్లెక్సీ కొట్టిస్తారు. ఆ కత్తిరించినవి నా దగ్గర ఉండిపోయాయి."

"అన్నీ పోయినవాళ్లవేనా?" అన్నాడు ఏసుపాదం.

"బతికున్నవాళ్ల ముఖం పెడితే గొడవకి వస్తారు కదండి. వీళ్లయితే అడిగేవాళ్లు ఉండరనుకున్నాను."

 కింద కుట్టుమిషన్ల చప్పుడు వినపడుతోంది.

గణేష్‌బాబు ఇంకో బొమ్మ తెరిచాడు. ఊరి సెంటర్లో కట్టే ఫ్లెక్సీ. పైన "కన్నీటి నివాళి" అని ఉంది. మధ్యలో అదే నవ్వు, చుట్టూ బంతిపూల దండ. కింద సాయిదుర్గ పేరు, ఊరి పేరు, పెద్దకర్మ తేదీ.

రత్తమ్మ తెర దగ్గరికి వెళ్లింది. 

"ఇది మా తమ్ముడి కూతురి పెళ్లిలోది," అంది. "ఫోటో తీసే అబ్బాయి పక్కనే నేను నిలబడ్డాను. కొంగు సరిగా వేసుకోవే అన్నాను. నన్ను చూసి నవ్వింది."

చూపు ఎదురుగా ఎందుకుందో సూర్యకళకి అప్పుడు తెలిసింది.

"అమ్మా," అంది. రత్తమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. మళ్లీ అంది. "అమ్మా, మీ అమ్మాయి ఇక్కడికి రాలేదండి. ఇక్కడ ఎవరూ ఆ పిల్లని చూడలేదు. ఈ ఫ్లెక్సీలోంచి తీసి పెట్టాడు. నేను చూసి కూడా ఉంచమన్నాను."

"మరెక్కడుంది?"

సూర్యకళ కుర్చీని రత్తమ్మ దగ్గరికి జరిపింది.

పావని కాగితం మీదే నిలబడి ఉంది. "గణేష్," అంది, "ఇన్ని రోజులూ నా మెడ మీద పెట్టినవన్నీ..."

గణేష్‌బాబు తల దించుకున్నాడు. పావని భుజం మీద పిన్నీసు పీకేసింది. తర్వాత నడుము దగ్గరది. మూడోది రాలేదు. కుచ్చిళ్లు లాగేస్తోంది.

"ఆగమ్మా. ఒక్క క్షణం ఆగు," అంది రత్తమ్మ.

పావని ఆగింది. రత్తమ్మ ఆమె దగ్గరికి వెళ్లింది. జారిన కొంగు తీసుకుని భుజం మీంచి వెనక్కి వేసింది. నడుం చుట్టూ తిప్పి బొడ్లో దోపింది, చేపలు తూచేటప్పుడు ఆడవాళ్లు దోపుకునేటట్టు.

"అటు తిరుగు."

పావని సూర్యకళ వైపు చూసింది. సూర్యకళ తలూపింది. పావని గోడ వైపు తిరిగి నిలబడింది. రత్తమ్మ గుమ్మం దాకా వెనక్కి నడిచింది. అక్కడ నిలబడి చూసింది.

"ఇందాక మెట్లెక్కి వచ్చాను. ఇక్కడి నుంచే చూశాను," అంది. "వీపు చూశాను, చీర చూశాను. దుర్గే అనుకున్నాను. అనుకోవడం కాదు, దుర్గే. పిలిచేశాను కూడా."

రత్తమ్మ ఒక అడుగు లోపలికి వేసింది.

"ఆ రోజు ఒడ్డున కూడా ఇలాగే అన్నాను."

గోడ వైపు తిరిగి ఉన్న పావని ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలుస్తోంది. సూర్యకళ వెళ్లి ఆమె చుట్టూ తువ్వాలు కప్పింది. తర్వాత గణేష్‌బాబు పక్కకి వచ్చింది. "ఆ ఫోటో తీసెయ్. అన్నిటికీ ముఖాలు తీసెయ్."

"సార్‌ని అడగాలి కదండి?"

"నేను చెబుతాను. నువ్వు తీసెయ్."

గణేష్‌బాబు ఒక్కొక్కటే తీశాడు. రత్తమ్మ తన ఫోను సూర్యకళకి ఇచ్చింది. "పోయిందో లేదో చూడమ్మా. నాకు వెతకడం రాదు." సూర్యకళ చూసింది. పసుపు చీర మెడ దగ్గర ఆగిపోయి ఉంది. చూపించింది. రత్తమ్మ తలూపింది.

"మీ అల్లుడి పేరుతో మిస్డ్ కాల్స్ చాలా ఉన్నాయి," అంది సూర్యకళ.

"కలుపు."

వీరబాబు వెంటనే ఎత్తాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. "అత్తా, కనపడిందా? దుర్గ కనపడిందా? మాట్లాడించు. అత్తా?"

"లేదు, వీరబాబూ."

రత్తమ్మ ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"ఫోటోయే. మన ఫ్లెక్సీలోదే. తెచ్చినవి పారెయ్యలేదు కదా?"

"లేదు అత్తా. నువ్వు వద్దన్నావని పక్కన పెట్టాను."

"తియ్యి. ఎల్లుండి చేసెయ్." రత్తమ్మ ఫోను స్పీకర్ అని మర్చిపోయి చెవికి ఆనించుకుంది. "పంతులు గారితో ఒక మాట చెప్పు. ఒక్క పేరు కాదు. పాపాయి పేరు, మరిడమ్మ పేరు, మన దుర్గ పేరు. ముగ్గురి పేర్లూ చెప్పి మూడు ముద్దలు పెట్టు."

"వాళ్లవి వాళ్ల ఇళ్లల్లో పెట్టుకుంటారు కదా అత్తా?"

"వాళ్లు పెట్టుకున్నా సరే. నువ్వు ఎవరికి నిప్పు పెట్టావో నాకు తెలీదు, వీరబాబూ. నేను చీర చూసి చెప్పాను."