నలభై ఏడో మెషీన్ కోసం ప్రార్థన

ముందే ఒప్పేసుకుంటాను. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే నేను మాత్రం ఓరగా తెరిచి చూస్తుంటాను. హెలెనా నోరు జారిన క్షణాన రత్నరాజు అంకుల్ ముఖం నా కంటపడింది అందుకే. మిగతాదంతా తర్వాత హెలెనాయే చెప్పింది.

హెలెనాది భీమవరం. సిడ్నీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. మా చర్చి సంఘంలో ఎవరడిగినా "హాస్పిటల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్" అని చెప్పేది. నిజానికి ఆమె పరీక్షించేది క్లబ్బుల్లో జనం బటన్లు నొక్కుతూ డబ్బు పోగొట్టుకునే పోకీ మెషీన్లను. మొదటి ఆదివారం పాస్టరుగారి ముందు ఆ మాట నోటరాక అబద్ధమాడింది. మూడేళ్లయినా దాన్ని వెనక్కి తీసుకునే ఆదివారం రాలేదు.

ఈమధ్య వాళ్ల కంపెనీ మీదికో కేసు వచ్చింది. ఒక క్లబ్బులో నలభై ఏడో నంబరు మెషీన్ ఒకాయనకు ఎనభై నాలుగు వేల డాలర్లు తగిలినట్టు చూపించింది. మెషీన్ పాడైంది, అసలు వచ్చింది నలభై రెండు డాలర్లేనని క్లబ్బు చేతులెత్తేసింది. ఆయన కోర్టుకెక్కాడు. లోపం సంగతి కంపెనీకి ముందే తెలుసని తేలితే ఆయనకు ఎంతో కొంత దక్కుతుంది. తెలియదని హెలెనా సోమవారం సంతకం పెట్టాలి.

తెలుసు. మార్చిలో దాన్ని పట్టుకున్నది ఆమే. "నెక్స్ట్ అప్‌డేట్‌లో చూద్దాం" అని బాస్ అంటే "పాస్" కొట్టిందీ ఆమే. ఇప్పుడు కేసు కాగితాల్లో ఆటగాడి పేరు చూసింది. మా సంఘ పెద్ద, రత్నరాజు.

శనివారం మధ్యాహ్నం సిడ్నీ శివార్లలోని టూంగాబీలో అంకుల్ వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక. "ఒక కోర్టు విషయం ఉందండీ, న్యాయం జరగాలని ప్రార్థించండి" అని గొణిగాడాయన. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

"హెలెనా, నువ్వు నడిపించమ్మా" అంది ఆయన భార్య విక్టోరియా ఆంటీ.

మావాళ్లకు ప్రార్థనలో ఊపొస్తే వీసా ఫైలు నంబరు, డాక్టరు అపాయింట్‌మెంటు టైముతో సహా దేవుడికి అప్పజెప్పేస్తారు. హెలెనాకీ ఊపొచ్చింది. "ప్రభువా, ఆ నలభై ఏడో మెషీన్ చేసిన తప్పుకి నీ దాసుణ్ణి సిగ్గుపడనివ్వకు తండ్రీ..."

అంకుల్ కళ్లు తెరుచుకున్నాయి. ఆమెన్ అనగానే ఆమెను గ్యారేజీలోకి పిలిచాడు.

"నంబరు నీకెలా తెలుసమ్మా?"

"దాన్ని టెస్ట్ చేసింది నేనే అంకుల్. ఫాల్ట్ ఉందని తెలిసే పాస్ చేశా."

"మరి హాస్పిటలన్నావ్?"

"మీరు రోజూ సాయంత్రం వాకింగన్నారుగా, క్లబ్బనలేదుగా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"కేసు విత్‌డ్రా చేసేసుకుంటాలే" అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. "నీ మాట నేనెత్తను, నా మాట నువ్వెత్తకు."

హెలెనా గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు, అబద్ధమాడినప్పటికంటే ఎక్కువ సిగ్గేసింది.

గుమ్మంలో విక్టోరియా ఆంటీ. చేతిలో టీ కప్పుల ట్రే.

"ఏ మెషీనమ్మా? స్కానింగా? తప్పు రిపోర్టిచ్చి, తప్పు ట్రీట్‌మెంటిచ్చారా? కోర్టంటే నాకప్పుడే డౌటొచ్చింది. ఈయన నాకేం చెప్పరు. నువ్వు ఆ మెషీన్లలోనే కదా వర్క్ చేసేది! ఎన్నాళ్లుంటారో చెప్పమ్మా, తట్టుకుంటాను."

హెలెనా చెప్పిన హాస్పిటల్ అబద్ధం మీద ఆంటీ ఓ రోగం కట్టేసి, అప్పుడే ఏడుస్తోంది కూడా.

"హాస్పిటల్ కాదాంటీ" అంది హెలెనా. "నేను చేసేది పోకీల కంపెనీలో. మూడేళ్లూ మీ అందరికీ అబద్ధం చెప్పా."

అంకుల్ కూడా నోరు విప్పాడు. "క్లబ్బులో ఆ మెషీన్ ఆడింది నేను, విక్టోరియా."

ఆంటీ ట్రే వాషింగ్ మెషీన్ మీద పెట్టింది. "రోగమేం లేదుగా?"

"లేదు."

"అయితే వీళ్లందర్నీ వెళ్లనివ్వండి. అప్పుడు చెప్తా మీ సంగతి."

హెలెనా ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకుంది. "కేసు ఉంచండంకుల్" అని మాత్రం అనగలిగింది.

సోమవారం పొద్దున కంపెనీ లాయరు పంపిన కాగితం మీద సంతకం పెట్టలేదు. దాని బదులు రెండు ముక్కలు రాసి పంపింది: ఈ లోపం మార్చి నుంచీ నాకు తెలుసు. తెలిసే పాస్ చేశాను.

మీరు చేసే పని పేరు ఇంట్లోనో, చర్చిలోనో, పెళ్లిచూపుల్లోనో మార్చి చెప్పారా? ఎక్కడ దొరికిపోయారో నాకు రాయండి. పేర్లు బయటపెట్టను.