అంకె పక్కన మాట

"రెండు నిమిషాల పనే కదా, పదిమందికి టీ పెట్టి పొలానికి తెచ్చెయ్" అన్నాడు హరిబాబు, ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుంటూ.

సూర్యకళ లోలోపల నవ్వుకుంది. ఈ ఇంట్లో నిమిషానికి రెండు కొలతలున్నాయి. మొగుడు "రెండు నిమిషాల్లో వస్తా" అని కాలవగట్టు మీదికి వెళ్తే, అన్నం చల్లారిపోయి పిల్ల నిద్రపోయినా రాడు. అదే తను చెయ్యాల్సిన పనైతే, అల్లం దంచడం, పాలు కాచడం, గ్లాసులు కడగడం అన్నీ ఆ రెండు నిమిషాల్లోనే ఒదిగిపోవాలి. అత్తగారు పాపాయమ్మది ఇంకో కొలత. ఆవిడకి అన్నీ కాస్తే. కాస్త పిండి రుబ్బు, కాస్త మేడమీద బట్టలు తియ్యి, కాస్త నా మోకాళ్లకి నూనె రాయి. ఆ కాస్తలన్నీ కలిపితే పొద్దు చాలేది కాదు. తీరా ఎవరైనా చుట్టాలొచ్చి "మీ కోడలేం చేస్తుందండీ?" అంటే, "ఏం చేస్తుందమ్మా, ఇంట్లోనే ఖాళీగా ఉంటుంది" అనేసేది ఆవిడ, ఖాళీ అన్న మాట నోరారా పలుకుతూ.

పోయినేడు ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘానికి పొలాల్లో మందు కొట్టే డ్రోన్ వచ్చాక ఆ మాట కొంచెం తగ్గింది. నిడదవోలులో డిగ్రీ చదివింది కదా అని సంఘంలో ఆడవాళ్లంతా సూర్యకళ పేరే రాయించి శిక్షణకి పంపించారు. "బొమ్మ ఎగరెయ్యడానికి ట్రైనింగేంటి? నువ్వెళ్తే ఇక్కడ అన్నం ఎవరు పెడతారు?" అని హరిబాబు సణిగాడు గానీ, సంఘం అధ్యక్షురాలు ఇంటికొచ్చి కూర్చునేసరికి ఒప్పుకోక తప్పలేదు. సూర్యకళ వెళ్లింది, నేర్చుకుంది, తన పేరున లైసెన్సు తెచ్చుకుంది.

ఆ శిక్షణలో మేడమ్ చెప్పిన సంగతొకటి ఆమె మనసులో ఉండిపోయింది. వెనకెప్పుడో విదేశంలో, ఓ పెద్ద విమానానికి కిలోల్లో లెక్కకట్టాల్సిన ఇంధనాన్ని పౌండ్లలో లెక్కకట్టారట. పౌండంటే అరకిలో కూడా ఉండదు. అంకెని ఎవరూ అనుమానించలేదు. ఆకాశం మధ్యలో ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్లు గట్టివాళ్లు కాబట్టి దాన్ని గాలిలో జార్చుకుంటూ తెచ్చి దింపారు, అందరి ప్రాణాలూ దక్కాయి. "అంకె ఒక్కటే చెప్పకండి. అది దేని కొలతో పక్కనే చెప్పండి. విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పాలి" అంది మేడమ్. గదిలో మిగతావాళ్లంతా విమానం గురించి గుసగుసలాడుకుంటుంటే సూర్యకళకి మాత్రం తన వంటిల్లు కళ్లముందు మెదిలింది.

విమానాలవాళ్లు ఎత్తు అడుగుల్లో చెప్పుకుంటారు. సంఘం డ్రోన్ తాలూకు ట్యాబేమో మీటర్లు అడుగుతుంది. ఊళ్లో రైతులకి మీటరంటే బట్టలకొట్టు గుర్తొస్తుంది. అందుకని సూర్యకళ వాళ్లతో "చేనుమీద పదడుగుల ఎత్తులో వెళ్తుందండీ" అని చెప్పి, ట్యాబ్‌లో మూడు కొట్టేది. ఆ మార్చడమంతా బుర్రలోనే జరిగిపోయేది, పైకి ఎవరికీ కనబడేది కాదు. ఇంట్లో మాత్రం ఏది కనబడింది గనక? డాక్టరు మిల్లీలీటర్లలో రాసిన మందుని అత్తగారి చెంచాలోకి మార్చేది తనే. అత్తగారు గిద్దల్లో చెప్పిన నూనెని కొట్టువాడి లీటర్లలోకి మార్చేదీ తనే. తల్లిమీద హరిబాబు విసుక్కుంటే ఆ విసుగుని "మీ ఒంట్లో బావుండటం లేదని ఆయనకి బెంగండీ" అని మార్చి వినిపించేది. అన్నిటికంటే ఎక్కువగా మార్చింది మాత్రం మొగుడి తప్పుల్ని. ఆయన గ్యాసు బుక్ చెయ్యడం మర్చిపోతే "నేనే గుర్తు చెయ్యలేదండీ" అనేది. ఆయన దారి తప్పి పెళ్లికి ఆలస్యంగా తీసుకెళ్తే "నా ముస్తాబు తెమల్లేదండీ" అనేది. నోటికి ఎంత అలవాటైపోయిందంటే, ఒక్కోసారి ఆ తప్పు నిజంగా తనదేనేమో అనిపించేది.

ఈ రోజు మాత్రం తప్పు జరగకూడని రోజు. వ్యవసాయాధికారి సత్యవాణిగారు వస్తున్నారు. పని నచ్చితే కాలవకింద పొలాలన్నిటికీ ఈ దాళ్వాలో, అంటే రెండో పంటకి, మందు కొట్టే పని సూర్యకళదే. నచ్చకపోతే డ్రోన్ పక్కూరి సంఘానికి వెళ్లిపోతుంది. రాత్రే బ్యాటరీలన్నీ చార్జింగు పెట్టుకుంది. చేనుకి కొట్టడానికి చేపలూ బెల్లమూ పులియబెట్టిన మీనామృతాన్ని, నాజిల్‌లో అడ్డం పడకుండా, పాతచీర గుడ్డలో మళ్లీ మళ్లీ వడగట్టింది. ఆ వాసన చేతులకి ఇంకా వదల్లేదు.

పొలం దగ్గర షామియానా వేశారు. ఊరి పెద్దలు, పంచాయతీ ప్రెసిడెంటుగారు తెల్లచొక్కాల్లో కుర్చీలు నింపేశారు. సూర్యకళ డ్రోన్ సిద్ధం చేసి ట్యాబ్, రిమోటు అందుకునేసరికి హరిబాబు అడ్డొచ్చాడు.

"నువ్వెళ్లి టీలు పొయ్యి. నాలుగు రౌండ్లు తిప్పడమేగా, నేను తిప్పుతాను."

"లైసెన్సు నాదండీ."

"ఇక్కడెవరే చూడొచ్చింది? మేడమ్ వచ్చేలోపు ఓ చెక్క పొలం అయిపోతుంది. ప్రెసిడెంటుగారు చూస్తున్నారు, నలుగురిలో వాదించకు."

అదీ అసలు సంగతి. ప్రెసిడెంటుగారు చూస్తున్నారు. అలవాటైన కాళ్లు టీ క్యాను వైపు నడిచాయి. నడుస్తున్నంతసేపూ ఆమెకి తనమీద తనకే ఒళ్లు మండింది.

మూడో గ్లాసు నింపుతుండగా డ్రోన్ లేచిన చప్పుడు వినిపించింది. చప్పుడు చేనుమీద కాదు, చాలా పైనుంచి వస్తోంది. తలెత్తి చూస్తే డ్రోన్ కొబ్బరిచెట్ల తలలకి సమానంగా ఉంది. ఎన్నిసార్లు విన్నాడో, హరిబాబు పది అన్న అంకెని మాత్రం బుర్రలో పెట్టుకున్నాడు. ట్యాబ్ మీటర్లడిగితే పదే ఇచ్చాడు. కాలవ మీదనుంచి వచ్చే గాలి ఆ తుంపరనంతా పట్టుకుని, చేనుని వదిలేసి, నెమ్మదిగా షామియానా పక్కనుంచి లోపలికి దూరింది.

"ఏంటిది, చినుకులా?" అన్నారు ప్రెసిడెంటుగారు అరచెయ్యి చాపి. తర్వాత వాసన చూశారు. తర్వాత ఎవరూ కుర్చీల్లో లేరు.

క్యాను వదిలేసి సూర్యకళ పరిగెత్తింది. హరిబాబు చేతిలోంచి రిమోటు లాక్కుని, డ్రోన్‌ని కిందికి తెచ్చి గట్టుమీద దింపింది. అప్పటికే హరిబాబు చొక్కా నిండా గోధుమరంగు చుక్కలు. సరిగ్గా అప్పుడే సత్యవాణిగారు కారు దిగి, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంటూ వచ్చారు.

"ఎత్తు ఎవరు సెట్ చేశారండీ?"

"మా ఆవిడే పది అని చెబుతుంటుందండి" అన్నాడు హరిబాబు వెంటనే.

షామియానాలోంచి లేచొచ్చిన పాపాయమ్మ కోడలి పక్కకి చేరి మోచేత్తో పొడిచింది. "కాస్త నువ్వే ఒప్పేసుకోవే. నలుగురిలో వాడి పరువు పోతుంది."

కాస్త! సూర్యకళకి ఉన్నట్టుండి నవ్వొచ్చింది. నాలుకమీదికి మాట తయారుగా వచ్చేసింది, నాదేనండీ పొరపాటు, అని. ఇన్నేళ్లుగా మార్చి చెబుతున్న మాట. ఆమె దాన్ని పైకి రానివ్వకుండా మింగేసింది. ఈసారి ఏది ఎవరిదో దాన్ని వాళ్ల దగ్గరే ఉంచాలనుకుంది. అనుకోగానే ఒళ్లు తేలికపడింది.

"పది పెట్టింది ఆయనండి. నేను చెప్పేది పది అడుగులు. ట్యాబ్‌లో మూడు మీటర్లు పెడతాను. ఆ మార్చేది ఎప్పుడూ నేనే కాబట్టి ఆయనకి తెలీదు. లైసెన్సు లేని మనిషికి ట్యాబ్ వదిలి టీకి వెళ్లడం మాత్రం నాదే తప్పు. ఇంక వెళ్లనండి."

సత్యవాణిగారు గట్టుమీద డ్రోన్ వైపు చెయ్యి చూపించి, "సరే, మీరు ఎగరెయ్యండి. ఎత్తెంత?" అన్నారు.

"మూడు మీటర్లండి."

"మూడు మీటర్లు" అని సత్యవాణిగారు తిరిగి అప్పజెప్పారు.

తను చెప్పిన కొలతని ఒకరు శ్రద్ధగా తిరిగి పలకడం సూర్యకళ చెవులకి ఎంత బావుందో! డ్రోన్ చేనుమీద ఒద్దికగా, ఆకు ఆకునీ తడుపుతూ సాగింది. దాళ్వా పని ఆమెకే రాశారు. ప్రెసిడెంటుగారు దూరంగా నిలబడే చప్పట్లు కొట్టారు.

సాయంత్రం హరిబాబు సబ్బు అరగదీసుకుని స్నానం చేసినా వీధిలో పిల్లులు గుమ్మం వదల్లేదు. కూతురు వాటిని చూసి పడీపడీ నవ్వింది. పాపాయమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది గానీ, మనవరాలు నవ్వుతుంటే ఆ ముడి ఎంతోసేపు నిలవలేదు. సూర్యకళ బ్యాటరీలు తుడుచుకుంటూ అరుగుమీద కూర్చుంది.

"కాస్త టీ పెట్టు" అన్నాడు హరిబాబు, అలవాటుకొద్దీ.

"నాకు రేపటి పని ఉందండి. రెండు నిమిషాలే కదా, మీరు పెట్టండి. అత్తయ్యగారికీ నాకూ కూడా."

అతను గుమ్మంలో పిల్లుల్ని దాటుకుంటూ లోపలికి వెళ్లాడు. గిన్నెలు దొర్లాయి. అగ్గిపెట్టె దొరకలేదు, దొరికింది. పాలు పొంగిన వాసన వచ్చింది. సూర్యకళ కదల్లేదు.

"పంచదార ఎంత వెయ్యాలే?" అని కేక.

"కాస్త వెయ్యండి."

లోపల డబ్బా మూత తీసిన చప్పుడైంది. చేతిలో ఆ పంచదార డబ్బాతో హరిబాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"కాస్తంటే ఎంత?" అని అడిగాడు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న మొదటిసారి వినబడింది.