ఎడమ చేతి పాట

కూర్మమ్మ మూడోసారి ధర అరిచింది. గొంతులోంచి గాలి వచ్చింది గాని మాట రాలేదు.

ఇసుక మీద కవళ్ల చేపల కుప్ప చుట్టూ బేరగత్తెలు మూగి ఉన్నారు. వేలం పాట పెడుతున్న ధనరాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏటత్తా, పొద్దున్నే ఏసీసినావేటి? నాలిక తిరగట్నేదు!"

అందరూ నవ్వారు. నిరుడు దాకా ఈ రేవులో ధర పెంచే నోరు ఆమెది. ధనరాజు తెచ్చుకున్న పట్నం షావుకారుకి చవగ్గా ఒక్క కుప్ప దక్కనిచ్చేది కాదు. ఇవాళ పాట దక్కకపోతే గంప లేదు, గంప లేకపోతే ఇంట్లో పొయ్యి లేదు.

తాగుడు కాదు. అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం ఆ ఒడ్డున తల్లి దగ్గర కూతురు నేర్చుకునే విద్య. అలా పెడితే సముద్రపు గాలికి చుట్ట ఆరదు. ఆమె అంగిట్లో పుండు లేచి మెడకి దిగింది. విశాఖ ఆసుపత్రిలో కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. రోగం పోయింది. ఆ తర్వాత ఏడేళ్లు గంప మోసింది. ఎనిమిదో ఏట నాలుక ఒక పక్క ఎండి వంకర తిరిగింది. కుడి చెయ్యి స్పర్శ పోయి భుజం నుంచి వేలాడింది.

"అప్పటి కరెంటుకి ఇప్పుడు నరాలు దెబ్బతిన్నాయి. కేన్సరు తిరిగి రాలేదు, సంతోషించండి" అన్నాడు డాక్టరు. బాగవుతుందా అని కోడలు నీలవేణి అడిగితే తల అడ్డంగా ఊపాడు. మంచివాడే. మంచితనానికి నాలుక లేస్తుందా? సర్కారు ఉచిత వైద్యం కార్డు కేన్సరుకే. కేన్సరు పోయిన మనిషికి కార్డూ పోయింది.

"మా అత్త పాట నాను పాడతాను" అని నీలవేణి ముందుకొచ్చింది.

"పాటలో పేరు మీయత్తది సెల్లీ" అన్నాడు ధనరాజు. "నీకు పేరు కావాలంటే గుడికి పదేలు కట్టు. నేదా, నోరు పెగలనోలు పాటకి కుడిసెయ్యి కుప్ప మీద ఎయ్యాల. తాతల నాటి కట్టు, నానెట్టింది కాదు."

"కుడిసెయ్యి పడిపోయినాదని నీకు తెల్దా అన్నా?"

"తెలిస్తే? ఎల్లి సముద్రానికి సెప్పుకో."

కూర్మమ్మ కోడల్ని పక్కకి తోసింది. మోకాళ్ల మీద కూలబడి, ఎడమ చెయ్యి కుప్పలోకి మోచేతిదాకా దింపింది.

బేరగత్తెలు చప్పున వెనక్కి జరిగారు. పాటలో ఎడమ చెయ్యి తగిలిన చేపని ఆ పూట ఎవరూ ముట్టరు.

"తియ్యే ఆ సెయ్యి! ఓలమ్మో, బోణీ సెడగొట్టీసినాది!" అని ధనరాజు అరిచాడు.

కూర్మమ్మ తియ్యను అనబోయింది. మూలుగు వచ్చింది, చొంగ కారింది. తల అడ్డంగా ఊపింది.

ధనరాజు ఉమ్మేసి రెండో పడవ వైపు నడిచాడు. పడవవాళ్లు తిట్టారు. బేరగత్తెలు గంపలెత్తుకుని అతని వెనకే పోయారు. ఒక్కతీ తిరిగి చూడలేదు. అక్కడ పాట మొదలైంది. ఇక్కడ ఎండెక్కి, కూర్మమ్మ వేళ్ల మధ్య చేపల కళ్లు తెల్లబడుతున్నాయి.

"అత్తా, నెగు. ఇంటికి పోదాం" అంటూ నీలవేణి చెయ్యి పట్టి లాగింది. మళ్లీ లాగింది.

ఆమె లాగుతున్నది కుడి చెయ్యిని. కూర్మమ్మకి ఆ సంగతే తెలియలేదు.