ఐదు పోర్టుల డబ్బా

మాలకొండయ్య ప్లగ్గును పళ్ల మధ్య పట్టుకుని, తీగ పైతోలు గుండ్రంగా గీసి లాగేశాడు. లోపలి రంగురంగుల పోగులను బొటనవేలితో సాపు చేసి, వరసగా ప్లగ్గులోకి తోసి బిగించాడు. కుడి భుజం పైకి లేవదు. ఆ భుజమే అతన్ని మైపాడు చేపల పడవల మీంచి దించి, ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు లాగే పనిలో పెట్టింది. నష్టమని ఎవరన్నా అంటే ఒప్పుకోడు. సముద్రం భుజాన్ని ఉంచుకుని మనిషిని తిరిగిచ్చింది, బేరంలో తనదే గెలుపంటాడు.

గోడల మందానికి స్వర్ణ వాళ్ల వెనక గదిలోకి వైఫై అందదు. కిందటి నెల అతను లాగిన తీగ ఒక్కటే ఆధారం. ఇప్పుడు స్వర్ణ పనిచేసే కంపెనీ కంప్యూటరుతో పాటు ఫోను కూడా పంపింది; రెండూ తీగతోనే నడవాలి. ఇంటి నుంచి పని కుదురుతుందో లేదో చూడటానికి సాయంత్రం కంపెనీ వాళ్ల లైను పరీక్ష. మధ్యలో లైను తెగితే స్వర్ణ పాలు మానని బిడ్డను అత్తకు అప్పగించి చెన్నై ఆఫీసుకు పోవాలి.

"ఒక్క తీగతో రెండెట్టా మామా?" అంది స్వర్ణ.

అరచేతిలో పట్టే డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "దీనికి అయిదు పోర్టులు. వచ్చే తీగకి ఒకటి పోద్ది. ఒకటిస్తే నాలుగొస్తాయి. ఇంతకన్నా మంచి యాపారం యాడుందమ్మే?"

తీగలు తగిలించగానే డబ్బా మీద పచ్చదీపాలు వెలిగాయి. వెంటనే ఆరాయి. మళ్లీ వెలిగాయి, ఆరాయి. స్వర్ణ ముఖం పాలిపోయింది.

అతను తీగను తడుముకుంటూ వెనక వసారాలోకి నడిచాడు. సముద్రపు గాలికి ఊగకుండా కిందటి నెల తనే దాన్ని ప్రతి వాసానికీ వల ముడి వేసి బిగించాడు. ముడి పడిన ప్రతిచోటా తీగ నలిగిపోయి ఉంది.

రొయ్యలు వలుస్తున్న స్వర్ణ అత్త అంకాలమ్మ తలెత్తింది. "ఓరి నాయనో, పడవను కట్టినట్టు కట్టినావే! ఇల్లు కొట్టుకుపోద్దనా?"

"చేతులకి వచ్చింది అదొక్కటే గదక్కా."

బిగించి పట్టుకున్నదే దక్కుతుందని అతని లెక్క. ఆస్పత్రిలో భార్య మణికట్టును కూడా అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. తెల్లారేసరికి ఆమె లేదు. లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పటికీ అంతుపట్టలేదు.

పాత తీగ కోసేసి కొత్తది లాగాడు. ఈసారి ముడి వేయలేదు. మేకుల మీద వదులుగా వేలాడనిచ్చాడు. రెండుసార్లు చేయి దానంతటదే బిగించబోయింది, వెనక్కి తీసుకున్నాడు. డబ్బా మీది దీపాలు ఈసారి ఆరలేదు. స్వర్ణ పరీక్షకు కూర్చుని గది తలుపు వేసుకుంది.

"టీ పెడతా, కూసో," అంటూ అంకాలమ్మ లోపలికి పోయింది.

అతను వసారా స్తంభానికి ఆనుకుని, పాత తీగలో నలగని ముక్క ఒకటి కోసుకున్నాడు. ఇంకెవరి ఇంట్లోనో పనికొస్తుంది. రెండు కొసలకూ ప్లగ్గులు బిగించి, లోపలి ఎనిమిది పోగులనూ ఒక్కొక్కటిగా సరిచూసే టెస్టరుకు తగిలించాడు.

పరీక్ష ముగించి స్వర్ణ పరుగున వచ్చింది. "మామా, ఒక్కసారి కూడా ఆగలా! ఇంటి నుంచే చేసుకోమన్నారు."

అతని గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. టీ తెచ్చిన అంకాలమ్మ గ్లాసు కింద పెట్టి అతని భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపు అట్లాగే ఉంచింది.

"అరవబాకమ్మే, బిడ్డ లేస్తాడు," అంది మెల్లగా. "పొయినాడు."

అతని ఒళ్లో టెస్టరు మీద పచ్చచుక్కలు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలిగి, మళ్లీ ఒకటి దగ్గర మొదలవుతున్నాయి.