ఎవరూ దించని పాలు

జగన్నాథపురంలోని మా పాత ఇంట్లో నాకు అయిదో నెల. వంతెన దాటి అవతల, గాంధీనగరంలో మేం కొనుక్కుంటున్న ఇంట్లో నాకు తొమ్మిదో నెల. రెంటికీ మధ్య, వంతెన మీద, నాకు కడుపే లేదు.

ఆటో అతను దీనికి అలవాటు పడ్డాడు. మా గేటు దగ్గర ఎక్కించుకుని గతుకుల్లో నెమ్మదిగా పోనిస్తాడు. వంతెన ఎక్కగానే, ఇప్పుడు ఒట్టి మనిషే కదా అని, దూకుడుగా లాగించేస్తాడు. అవతల దిగేసరికి నేను నడుం పట్టుకుని, ఆయాసపడుతూ దిగుతాను. అతను పక్కకి చూస్తూ చెయ్యి అందిస్తాడు.

వంతెన మీద గాలి బాగుంటుంది. కింద కాలవలో పడవలు ఆగి ఉంటాయి. నేను మాత్రం అవేమీ చూడను. అక్కడ ఏమీ లేకపోయినా రెండు చేతులూ పొట్ట మీదే పెట్టుకుని కూర్చుంటాను. ఏదో ఒక రోజు అవతల దిగాక కూడా ఏమీ ఉండదేమోనని నాకు భయం.

ఇదంతా పాలు పొంగించడం వల్ల వచ్చింది.

అయిదో నెల దాటిన గర్భిణి కొత్త గడప తొక్కకూడదని మా అత్తయ్య పట్టు. ఇల్లు అమ్ముతున్న దమయంతి గారూ, వాళ్ళాయన సుబ్బారాయుడు మేష్టారూ ఏమో తాము కొనుక్కున్న ఫ్లాటు ఖాళీ అయ్యేదాకా కదలలేమన్నారు. ఫ్లాటు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు. నా నెలలు మాత్రం ఎవరి కోసమూ ఆగవని అప్పట్లో అందరం అనుకున్నాం. అందుకని అత్తయ్యే ఉపాయం చెప్పింది. వాళ్ళు ఉండగానే వాళ్ళ వంటింట్లో పాలు పొంగించేస్తే ఆ ఇంట్లో దిగినట్టే లెక్క, సామాను ఎప్పుడు చేరినా పరవాలేదు అంది. ముహూర్తం పెట్టించారు. మా ఆయన వంశీధర్ కొత్త గిన్నె కొన్నాడు. పాలు తూర్పు వైపు పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు గిన్నె దించాలి. ఇంటావిడ దించాలి అంది అత్తయ్య.

నేను దమయంతి గారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. పాలు మీవి కదమ్మా అంది. వంటిల్లు మీది కదండీ అన్నాను. ఈలోగా హాల్లోంచి ఫొటోకి రమ్మని పిలిచారు. ఫొటో అయ్యాక ఇడ్లీలు పెట్టారు. ఇడ్లీలు అయ్యాక ఇంటికొచ్చేశాం.

ఆ పాలు ఇప్పటికీ పొంగుతూనే ఉన్నాయి.

పొయ్యి కట్టేసినా పొంగుతాయి. గట్టు మీంచి కిందికి జారి, వంటింటి గడప దాటి, వసారాలోంచి పెరట్లోకి పోతాయి. మేష్టారు పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని పేపరు చదువుకుంటారు. వీధిలో పిల్లులన్నీ గోడ దిగి వచ్చాయి. అవి లావెక్కి, ఎవరినీ లెక్కచేయకుండా తిరుగుతున్నాయి. దమయంతి గారికి మడమలు నానిపోయాయి. ఆవిడ కొబ్బరి చెట్టుకి నీళ్ళు పోయడం మానేసింది.

పాలు పొంగిన ఇంట్లోనే నెలలు నడుస్తాయని నాకు తొందరలోనే తెలిసింది. పాత ఇల్లు ఆ పొద్దుటి దగ్గరే ఆగిపోయింది. నేను అక్కడే ఉండిపోతే బిడ్డ పెరగదు. అందుకని రోజూ టిఫినయ్యాక మడత కుర్చీ ఒకటి పట్టుకుని గాంధీనగరం వెళ్తాను. వాళ్ళ హాల్లో ఓ మూల వేసుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, నెలలు గడుపుకుంటాను. సాయంత్రం కుర్చీ మడుచుకుని వచ్చేస్తాను. పరాయి ఇంట్లో రాత్రుళ్ళు ఎలా ఉంటాం.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అమ్మి చూడు అనలేదు. ఆ మాట కూడా అనేసి ఉంటే మనుషులు మొదటి రెండూ కూడా మానేసేవాళ్ళు.

మా ఇల్లు కొంటున్న దంపతులు ప్రతి ఆదివారం వస్తారు. గోడల మీద వేలితో కొట్టి చెవి పెట్టి వింటారు. హాల్లో వెలుతురు చాలదంటారు. అన్ని కిటికీలూ తెరుస్తాను. అయినా చాలదంటారు. ఇల్లు మాత్రం నచ్చిందనీ, తమ ఇల్లు ఖాళీ చెయ్యడానికి వీలు చిక్కగానే వచ్చేస్తామనీ చెప్పి, టీ తాగి వెళ్తారు.

ఆ వీలు ఎప్పుడు చిక్కుతుందని మధ్యవర్తి పేర్రాజు గారిని అడుగుతాను. ఆయన భోజనాల బల్ల మీద నాలుగు స్టీలు గ్లాసులు బోర్లించి చూపిస్తాడు. మీ ఇంట్లోకి వాళ్ళు రావాలి, దమయంతి గారి ఇంట్లోకి మీరు వెళ్ళాలి, ఫ్లాటులోకి దమయంతి గారు వెళ్ళాలి అంటాడు. ఇక ఫ్లాటువాళ్ళు కొనుక్కున్నది ఏ ఇల్లు అంటే, మా ఇల్లు కొంటున్నవాళ్ళదే. నాలుగో గ్లాసు తిరిగొచ్చి మొదటి గ్లాసుకి తగులుతుంది.

“అంటే అందరూ ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగారా?”

“ఆయ్, అందరూ మంచోళ్ళేనండి. అదే వచ్చింది చిక్కు. ఎవరో ఒకళ్ళు ఎదటోళ్ళని అడక్కుండా లేవాలండి.”

కుర్చీలాటలో పాట మొదలైంది, ఒక్కరూ లేవలేదు. వంశీధర్ ఆ గ్లాసుల్లో ఒకటి తీసి మంచినీళ్ళు తాగుతాడు. అతను నెమ్మదస్తుడు. ఇంటి మీద అతనికి కోపం రాదు, నా మీద రాదు, ఎవరి మీదా రాదు. అలాంటి మనిషితో కాపురం హాయిగా ఉంటుందంటారు. ఈ నాలుగు నెలల్లో నాకు అతనికి గట్టిగా ఓ మొట్టికాయ వెయ్యాలనిపిస్తోంది.

డాక్టరమ్మ ఆసుపత్రి వంతెన దిగగానే ఉంటుంది. తొమ్మిదో నెల నిండినా నొప్పులు రావడం లేదేమని అడుగుతాను. ఆవిడ స్కానింగు తెర నా వైపు తిప్పుతుంది. బిడ్డ మూటాముల్లె సర్దుకుని, ఆ మూట మీదే కూర్చుని ఉంది. బస్సు కోసం చూస్తున్న పెద్దమనిషిలా మాటిమాటికీ తల ఎత్తుతోంది.

“బిడ్డ సిద్ధంగానే ఉందమ్మా. ఇక్కణ్ణుంచి ఏ ఇంటికి తీసుకెళ్తారో చెబితే వస్తుంది.”

“ఇంకా తేలలేదండీ.”

“తేలేదాకా ఎంతసేపని కూర్చుంటుంది చెప్పండి? ఏదో ఒక పూట విసుగొచ్చి లేచి వెళ్ళిపోతుంది.”

ఆవిడ మామూలుగానే అంది. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తాను. ఆటో అతను దూరంగా నిలబడి, నేను లేచేదాకా చక్రాలు తుడుస్తాడు.

ఇంటికొచ్చి అత్తయ్యతో చెబుతాను. తిరిగి రాను, గాంధీనగరంలోనే ఉండిపోతానంటాను. అత్తయ్య ఒప్పుకోదు. నెలలు నిండిన మనిషి కొత్త గడప లోపల రాత్రి గడపకూడదు, అందులోనూ అది ఇంకా వాళ్ళ కొంప అంటుంది. ఆవిడ చెడ్డది కాదు. నాకు రోజూ జీడిపప్పు వేయించి కొంగున కట్టి పంపిస్తుంది. ఆవిడ శాస్త్రాలన్నీ నా మేలుకోరేవే. వాటి మధ్య నాకు కాలు పెట్టుకునే చోటు లేదు.

మర్నాడు ఆదివారం. దంపతులు వస్తారు. గోడ కొట్టి వింటారు. వెలుతురు చూస్తారు. ఆషాఢం వెళ్ళాక చూద్దాం అంటారు. నేను టీ పెట్టను. మడత కుర్చీ కూడా తీసుకోను. మా గడప దగ్గర నిలబడి, ఇవాళ వెళ్తే మళ్ళీ రాను అని ఇంటికే చెబుతాను. గడప దాటుతుంటే చీర అంచు మేకుకి తగులుకున్నట్టు ఏదో పట్టుకుంటుంది. విదిలించుకుని ఆటో ఎక్కుతాను.

వంతెన వస్తుంది. కడుపు పోతుంది. వంతెన వెళ్ళిపోతుంది. కడుపు రాదు.

గాంధీనగరంలో నేను తేలిగ్గా దిగుతాను. ఆటో అతను అందించిన చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది. నా పొట్ట పెళ్ళికి ముందు ఉన్నట్టు ఉంది. చీర కుచ్చిళ్ళు వదులై జారుతున్నాయి. చేతులు పెట్టుకుంటాను. అక్కడ ఏమీ లేదు. నాకు అరవాలని కూడా తోచదు. కాళ్ళు మాత్రం నడుస్తున్నాయి. పాలల్లో తపతప అడుగులేసుకుంటూ హాలు దాటి, మేష్టారి పేపరు దాటి, పిల్లుల్ని దాటి వంటింట్లోకి వెళ్తాను.

దమయంతి గారు గోడకి ఆనుకుని కూర్చుని బీరకాయలు తరుగుతోంది. నన్ను చూస్తుంది. నా పొట్ట చూస్తుంది. కత్తిపీట పక్కన పెట్టి లేస్తుంది.

నేను ఆవిణ్ణి అడగను. గిన్నె వైపు చెయ్యి చాపుతాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపుతుంది. రెండో చేత్తో మేకుకి తగిలించిన పట్టకారు తీసి నా చేతిలో పెడుతుంది.

“చెయ్యి కాల్చుకోకు.”

“నేను దించితే మీకు ఇల్లుండదు.”

“తెలుసులే.”

“అడిగితే ముందే ఇచ్చేవారా?”

“అడిగితే ఇవ్వనమ్మా. ముప్ఫయ్యేళ్ళు కాపరం చేసిన ఇల్లు, అడిగితే ఎవరిస్తారు? ఎప్పుడు దించుతావా అనే చూస్తన్నాను.”

గిన్నె దించుతాను. అది ఎంతో బరువుగా ఉంటుందనుకున్నాను. మామూలు పాలగిన్నె అంత బరువే ఉంది.

పాలు ఆగుతాయి. ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. నాలుగు నెలలుగా ఆ శబ్దం ఉందని ఇప్పుడే తెలుస్తుంది. మేష్టారు పంచె దింపుకుంటారు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఫ్లాటు ఎన్నో అంతస్తో గుర్తుందా అని దమయంతి గారిని అడుగుతారు. ఆవిడ బీరకాయ ముక్కలు గిన్నెలోకి ఎత్తుకుంటుంది. మూడు పెట్టెలు ఎప్పుడో సర్ది మంచం కింద పెట్టి ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ ఆవిడ నాకు బొట్టు పెడుతుంది. తర్వాత గోడకి ఓ బొట్టు పెడుతుంది. అప్పుడు మాత్రం ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

పిల్లులు వాళ్ళ వెనకే వరసగా వెళ్తాయి.

కిటికీలోంచి చూస్తే ఊరంతా కదులుతోంది. ఎక్కడో ఫ్లాటువాళ్ళు దిగుతున్నారు. మంచాలు, బీరువాలు, తులసికోటలు బళ్ళ మీద ఎదురెదురుగా పోతున్నాయి. ఎవరికీ తొందర లేదు. నాకు ఇల్లు వచ్చింది. ఇంత పెద్ద ఇంట్లో ఒట్టి పొట్టతో నిలబడి ఉన్నాను. ఈ ఇల్లు నాకెందుకు అనిపిస్తుంది.

ఫోను మోగుతుంది. వంశీధర్.

“వకుళా, మన ఇల్లు లేచింది.”

“లేచి?”

“నడుస్తోంది. నేనూ అమ్మా లోపలే ఉన్నాం. ఏం కుదుపు లేదు. చూసుకుని చూసుకుని అడుగేస్తోంది. ముందు గోడ బాగా ఉబ్బి ఉంది.”

నేను నేల మీద కూర్చుంటాను. వంతెన గుర్తొస్తుంది. వంతెన మీద ఏమవుతుందో నాకు తెలుసు.

“వంతెన ఎక్కనివ్వకు.”

“ఎక్కలేదు. కాలవలో దిగి నడుస్తోంది. పడవలవాళ్ళు తప్పుకుంటున్నారు.”

మా ఇల్లు కొన్నవాళ్ళు వచ్చారా అని అడుగుతాను. వచ్చారట. ఖాళీ స్థలం మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసి, ఇప్పుడు వెలుతురు బాగుంది అన్నారట.

నేను వాకిలి కడుగుతాను. మిగిలిన పాలన్నీ ఊడ్చి, ముగ్గు వేసి, గేటు తలుపులు రెండూ బార్లా తీసి నిలబడతాను. వీధి చివర్న ముందుగా మా డాబా మీది నీళ్ళ ట్యాంకు కనబడుతుంది. తర్వాత ఇల్లు వస్తుంది. కిటికీల దాకా తడిసి, మెట్లకి నాచు పట్టి, ఓ చెయ్యి నడుం మీద వేసుకున్నట్టు పక్కకి ఒరిగి నడిచొస్తోంది. కడుపు అయిదో నెలది కాదు. దారిలోనే నెలలన్నీ నడిచేసింది. ముందు గోడ సున్నం బీటలు వారేంతగా నిండి ఉంది. లోపల ఏదో కదిలితే వీధి వైపు కిటికీ తలుపు ఒకటి టపటపా కొట్టుకుంటోంది.

గేటు దగ్గర ఆగుతుంది. ఆయాసపడుతోంది.

అత్తయ్య వంటింటి కిటికీలోంచి తల బయట పెడుతుంది. “నెలలు నిండినది కొత్త గడప తొక్కకూడదే అమ్మాయ్” అంటుంది. ఈసారి ఆవిడకీ ఇది వద్దనాలని లేదు, శాస్త్రమే వద్దంటోంది.

“కొత్త గడప కాదు అత్తయ్యా. ఈ ఇంట్లో పాలు పొంగి నాలుగు నెలలైంది. గిన్నె నేనే దించాను.”

అత్తయ్య ఆలోచిస్తుంది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, అయితే పసుపు రాయి అంటుంది.

దించిన గిన్నెలోంచి చెంబుతో గోరువెచ్చని పాలు తెచ్చి మా పాత ఇంటి గడప కడుగుతాను. కాలవ బురద కరిగిపోతుంది. పసుపు రాసి, బొట్లు పెడతాను. చెయ్యి గోడకి ఆనిస్తే లోపలి నుంచి ఓ తన్ను తగులుతుంది. ఇక్కడే ఉన్నావా అంటాను. ఇంకోటి తగులుతుంది.

“కుడికాలు ముందు పెట్టి రామ్మా” అని ఇంటితో అంటాను.

ఏది కుడో ఇల్లు కాసేపు ఆలోచిస్తుంది. తర్వాత గేటు స్తంభం పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వసారా వైపు మూల నెమ్మదిగా పైకెత్తుతుంది. లోపల వంశీధర్ దీపం వెలిగిస్తాడు. ఆ దీపానికి అడ్డంగా ఎవరో చిన్నవాళ్ళు మూట నెత్తిన పెట్టుకుని, వీధి తలుపు వైపు నడిచి వస్తున్నారు.